మెసర్‌ష్మిట్ 262 ఆలస్యానికి హిట్లరే కారణమా? టర్బైన్ వైపు నుంచి ఒక జవాబు

ప్రశ్న ఇది: "మొదటి జెట్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 262 జెట్ ఇంజిన్లతో 1942లోనే ఎగిరింది. హిట్లర్ మొండిగా దాన్ని బాంబర్ చేయమనకపోయి ఉంటే జర్మనీ ఆకాశం మీద పట్టు నిలుపుకునేదని యూట్యూబ్‌లో చాలామంది చెబుతున్నారు. నిజమేనా? ఇప్పటికీ ఎగిరే స్థితిలో ఒక్కటైనా ఉందా?"

నేను విమాన చరిత్రకారుణ్ణి కాను. హైదరాబాద్‌లో కంచన్‌బాగ్ వైపు, వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమ లోహాల పనిలో ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. కాబట్టి ఈ విమానాన్ని ముక్కులో ఉన్న తుపాకుల వైపు నుంచి కాకుండా టర్బైన్ (ఇంజిన్‌లో వేడి వాయువు తిప్పే బ్లేడ్ల చక్రం) వైపు నుంచి చూస్తాను. అలా చూస్తే మొదటి ప్రశ్నకు జవాబు "కాదు". హిట్లర్ ఆ ఆజ్ఞ ఇచ్చిన మాట నిజం, అది తెలివితక్కువ ఆజ్ఞ అన్నదీ నిజం. కాకపోతే అది వచ్చేనాటికి ఈ విమానానికి బిగించడానికి సరిపడా ఇంజిన్లే లేవు.

అసలు "1942లోనే ఎగిరింది" అన్న మాటలోనే తిరకాసు ఉంది. మెసర్‌ష్మిట్ కంపెనీలో వోల్డెమార్ ఫోక్ట్ బృందం పి-1065 పేరుతో ఈ డిజైన్‌ను యుద్ధానికి ముందే మొదలుపెట్టింది. 1941 ఏప్రిల్ 18న విమానం మొదటిసారి గాల్లోకి లేచింది. అయితే ఆ రోజు దాని ముక్కులో ఉన్నది మామూలు పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్. విమానం సిద్ధం, జెట్ ఇంజిన్ల జాడ లేదు. మరుసటి ఏడాది మార్చి 25న రెక్కల కింద రెండు బీఎండబ్ల్యూ జెట్ ఇంజిన్లు బిగించి మళ్ళీ ఎగిరించారు. ఎందుకైనా మంచిదని పిస్టన్ ఇంజిన్‌ను కూడా అలాగే ఉంచారు. పైకి లేచిన కాసేపటికే జెట్ ఇంజిన్లు రెండూ ఆగిపోయాయి. విప్పి చూస్తే లోపలికొచ్చే గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడ్లు విరిగి ఉన్నాయి. ఆ పాత పిస్టన్ ఇంజిన్ పుణ్యమా అని టెస్ట్ పైలట్ ఫ్రిట్జ్ వెండెల్ క్షేమంగా కిందికి దిగాడు.

బీఎండబ్ల్యూని పక్కన పెట్టి యుంకర్స్ కంపెనీ వాళ్ళ యూమో 004 ఇంజిన్ తెచ్చాక, 1942 జూలై 18న లైప్‌హైమ్‌లో ఇది పూర్తిగా జెట్ ఇంజిన్ల మీదే ఎగిరింది. అప్పుడూ ఒక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో చాలా ఫైటర్లకు ఉన్నట్టే దీనికీ తోక కింద చక్రం ఉండేది, విమానం తోక దించుకుని కూర్చునేది. ప్రొపెల్లర్ ఉంటే అది విసిరే గాలి తోక మీద పడి తోక పైకి లేస్తుంది. జెట్‌కు ఆ గాలి లేదు. రన్‌వే చివరికి వస్తున్నా తోక లేవదు, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక (ఎలివేటర్) పనిచేయదు. వేగం అందుకున్నాక ఒక్కసారి బ్రేకు తట్టు, ముక్కు ముందుకు వాలి తోక లేస్తుందని వెండెల్‌కు సలహా ఇచ్చారు. టేకాఫ్ పరుగులో బ్రేకు వేయమనడం! గంటకు 180 కిలోమీటర్ల వేగంలో అతను అదే చేశాడు, పనిచేసింది. ఆ తర్వాత నమూనాల్లో ముక్కు కింద చక్రం పెట్టి ఈ బాధ వదిలించుకున్నారు.

ఇంకో అపోహ ఇక్కడే తీర్చేస్తాను. 262 రెక్కలు వెనక్కి వాలి ఉండటం చూసి, ధ్వని వేగం దగ్గర ఎదురయ్యే ఇబ్బందులను జర్మన్లు ముందే ఊహించి అలా పెట్టారని రాస్తుంటారు. మొదట అలా పెట్టడానికి కారణం చాలా మామూలుది. ఇంజిన్లు అనుకున్నదానికన్నా బరువుగా వచ్చాయి, గురుత్వ కేంద్రం జరిగిపోయింది, లెక్క సరిచేయడానికి బయటి రెక్క భాగాన్ని వెనక్కి వాల్చారు. ఆ వాలు 18.5 డిగ్రీలు మాత్రమే. అధిక వేగంలో దానివల్ల వచ్చే లాభం ఆ మేరకు తక్కువే. యుద్ధం చివర్లో ఒక 262 పైలట్ ధ్వని వేగాన్ని దాటాడన్న కథ కూడా వినే ఉంటారు. ఆ విమానం ఆకారం తెలిసినవాళ్ళు దాన్ని నమ్మరు.

ఇక ఇంజిన్ సంగతికి వస్తాను. యూమో 004 రూపకర్త ఆన్సెల్మ్ ఫ్రాంజ్ అనే ఆస్ట్రియన్ ఇంజినీరు. బ్రిటన్‌లో ఫ్రాంక్ విటిల్ గాలిని అంచుల వైపు విసిరి నొక్కే సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ వాడితే, ఫ్రాంజ్ ఒకదాని వెనక ఒకటిగా ఎనిమిది వరసల బ్లేడ్లతో యాక్సియల్ కంప్రెసర్ వాడాడు. ఇంజిన్ సన్నగా ఉంటుంది, గాలి నిరోధం తక్కువ. ఈరోజు మనం ఎక్కే ప్రతి పెద్ద ప్రయాణికుల విమానంలోనూ ఉన్నది ఆ దారే. కంప్రెసర్ వెనక ఆరు దహన గదులు, వాటి వెనక ఒకే వరస టర్బైన్. ఒక్కో ఇంజిన్ ఇచ్చే తోపు సుమారు 900 కిలోలు.

మొదటి రకం, 004ఏ, బాగానే పనిచేసింది. ఎందుకంటే అందులో నికెల్, క్రోమియం, మాలిబ్డినం లాంటివి ఎక్కడ ఎంత కావాలంటే అంత వాడారు. ప్రయోగానికి ఫరవాలేదు. వేల సంఖ్యలో తయారు చేయాలంటే ఆ లోహాలు జర్మనీ దగ్గర లేవు. ఉన్న కొద్దిపాటి సరుకు కోసం ట్యాంకులు, తుపాకులు, పనిముట్ల ఫ్యాక్టరీలు కొట్టుకుంటున్నాయి. 1944 ఏప్రిల్‌లో టర్కీ క్రోమ్ ఖనిజం పంపడం ఆపేసింది. ఆ ఏడాది చివరికి ఫిన్లాండ్‌లోని పెట్సామో నికెల్ గనులు చేజారాయి. ఆ కొరత వల్లే, ఈ దారులు మూసుకుపోకముందే ఫ్రాంజ్ బృందం ఇంజిన్‌ను మళ్ళీ గీసి 004బీ చేసింది. దహన గదులకు మైల్డ్ స్టీలు (మామూలు ఉక్కు) రేకు వాడి, తుప్పు పట్టకుండా, మాడిపోకుండా దాని మీద అల్యూమినియం పూత వేశారు. మైల్డ్ స్టీలుతో దహన గది! మా విభాగంలో ఎవరైనా డ్రాయింగ్ మీద అలా రాసి తెస్తే ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళం. అయినా ఫ్రాంజ్ దాన్ని నడిపించి చూపించాడు. చుట్టూ చల్లని గాలి తిప్పి ఆ రేకును కాపాడాడు. పూర్తి ఇంజిన్‌లో క్రోమియం సుమారు రెండు కిలోలు, కోబాల్ట్ అసలే లేదు. చేతిలో ఏమీ లేకుండా చేసిన ఇంజినీరింగ్‌గా దీన్ని మించినది నాకు గుర్తు రావడం లేదు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి టర్బైన్ బ్లేడు. 700 డిగ్రీలు దాటిన వాయువు దాన్ని తాకుతుంది. అదే సమయంలో నిమిషానికి 8,700 చుట్లు తిరుగుతూ బయటికి లాగే బలాన్ని మోయాలి. వేడిలో ఎడతెగని లాగుడుకు లోనైన లోహం విరగకపోయినా కొంచెం కొంచెంగా సాగుతుంది, తడి బట్టలు మోసే ప్లాస్టిక్ దండెం ఎండాకాలంలో రోజురోజుకీ కిందికి జారినట్టు. మేం దీన్ని క్రీప్ అంటాం. బ్లేడు ఒక మిల్లీమీటరు సాగినా చాలు, అంచు కేసింగ్‌కు రాసుకుంటుంది. మొదట క్రుప్ కంపెనీ చేసిన టినిడర్ అనే లోహం వాడారు. అందులో 30 శాతం నికెల్, 15 శాతం క్రోమియం, కొంచెం టైటానియం ఉండేవి. ఆ నికెల్ కూడా భారమై, దాని స్థానంలో మాంగనీస్ వేసి క్రోమాడర్ అనే రకం చేశారు. వేడిలో బలం విషయంలో క్రోమాడర్ టినిడర్ కన్నా తక్కువే. కానీ సులువుగా వెల్డింగ్ అవుతుంది. రేకును మడిచి, వెనక అంచు వెల్డ్ చేసి, లోపల బోలుగా ఉండే బ్లేడు తయారు చేయవచ్చు. ఆ బోలులోంచి కంప్రెసర్ గాలి పంపి చల్లబరిచారు. లోహంలో ఉన్న లోటును గాలితో పూడ్చారన్నమాట. బ్లేడు లోపలి నుంచి చల్లబరచడం ఈనాటి పెద్ద జెట్ ఇంజిన్లన్నిటిలోనూ ఉంది. కాకపోతే ఇప్పుడు ఆ బ్లేడును నికెల్ సూపర్ అల్లాయ్‌తో, మొత్తం ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. హైదరాబాద్ రక్షణ లోహ పరిశోధనశాలలో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన విద్య అది.

క్రీప్ చాలదన్నట్టు కంపనం కూడా తోడైంది. 1943 వేసవిలో టర్బైన్ బ్లేడ్లు వరసగా విరగడం మొదలైంది. ముందున్న ఆరు దహన గదులు, టర్బైన్ వెనక వాయువు బయటికి పోయే నాజిల్‌ను పట్టుకునే మూడు ఊతకమ్మీలు గాలి ప్రవాహంలో తాళం వేసినట్టు అదుర్లు పుట్టిస్తున్నాయి. పూర్తి వేగం దగ్గర ఆ తాళం బ్లేడు సహజ కంపనంతో కలిసిపోతోంది. ఏ బ్లేడు ఏ శ్రుతిలో మోగుతుందో తేల్చడానికి, శ్రుతి జ్ఞానం ఉన్న ఒక సంగీతకారుణ్ణి పిలిపించి, వయొలిన్ కమానుతో బ్లేడు అంచును రాయించి విన్నారని ఫ్రాంజ్ తర్వాత చెప్పాడు. చివరికి బ్లేడు ఒక మిల్లీమీటరు పొట్టి చేసి, చివర ఇంకాస్త సన్నం చేసి, గరిష్ఠ వేగం 9,000 నుంచి 8,700కి దించి బయటపడ్డారు. ఇవన్నీ ముగిసి 004బీ డిజైన్ ఖరారై పెద్ద ఎత్తున తయారీకి వెళ్ళింది 1944 మధ్యలో. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు హిట్లర్ ఆజ్ఞల తేదీలు దీని పక్కన పెట్టి చూడండి. 1943 మే 22న ఫైటర్ దళాల అధిపతి అడాల్ఫ్ గాలండ్ ఒక నమూనాను స్వయంగా నడిపి, దేవదూతలు వెనక నుంచి తోస్తున్నట్టు ఉందన్నాడు. మిగతావి ఆపి దీన్నే తయారు చేయమని పట్టుబట్టాడు. ఆగస్టులో అమెరికన్ బాంబర్లు రెగెన్స్‌బర్గ్‌లోని మెసర్‌ష్మిట్ ఫ్యాక్టరీని ధ్వంసం చేశాయి. నవంబర్ 26న ఇన్‌స్టర్‌బర్గ్‌లో హిట్లర్‌కు విమానాన్ని చూపించారు. ఇది బాంబులు మోయగలదా అని అడిగాడు, మోయగలదన్నారు. తను అడిగినట్టే తయారవుతోందని అతననుకున్నాడు, ఎవరూ కాదనలేదు. 1944 మేలో బాంబు అమరికే లేకుండా ఫైటర్లుగా వస్తున్నాయని తెలిసి మండిపడి, అన్నీ బాంబర్లుగానే రావాలన్నాడు. ఆ శరదృతువుకల్లా ఆ పట్టు సడలింది. అంటే ఆజ్ఞ గట్టిగా అమలైంది కొన్ని నెలలే. ఆ నెలల్లోనే ఇంజిన్ల తయారీ ఇంకా తప్పటడుగులు వేస్తోంది, ఇంజిన్ల కోసం విమానాలు షెడ్లలో ఎదురుచూస్తున్నాయి. అన్నిటినీ ఫైటర్లు చేసినా ఆ వేసవిలో పెద్ద తేడా ఉండేది కాదు. బాంబర్‌గా దాని పనితనం మాత్రం దండగే. కింద ఏముందో పైలట్‌కు సరిగ్గా కనిపించదు, గురి చూసే పరికరమూ దానికి తగ్గది లేదు. రెండు 250 కిలోల బాంబులు ఎక్కడో వదిలి రావడమే. యుద్ధం తర్వాత బతికిన సేనాధిపతులకు మాత్రం ఆ ఆజ్ఞ భలే అక్కరకొచ్చింది. తప్పు మొత్తం చచ్చినవాడి నెత్తిన వేయవచ్చు కదా.

యుద్ధంలో ఎలా పనిచేసిందంటే, పైన ఉన్నంతసేపు దీనికి తిరుగులేదు. 6,000 మీటర్ల ఎత్తులో గంటకు 870 కిలోమీటర్లు పోయేది, అమెరికన్ పిస్టన్ ఫైటర్ మస్టాంగ్ 700 దగ్గర ఆగేది. ముక్కులో నాలుగు 30 మిల్లీమీటర్ల ఎంకే-108 ఫిరంగులు. కొన్ని గుళ్ళు తగిలితే నాలుగింజిన్ల బాంబర్ కూడా కూలేది. అయితే ఆ గుళ్ళ వేగం తక్కువ, దగ్గరికి వెళ్తేనే తగులుతాయి. ఇంత వేగంతో దగ్గరికి వెళ్తే గురి చూడటానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. ఆ ఇబ్బంది చూసే చివర్లో రెక్కల కింద 24 ఆర్4ఎం రాకెట్లు పెట్టారు.

పైలట్‌కు అసలు టెన్షన్ కిందికి దిగేటప్పుడు. ఇంజిన్ వేగాన్ని పెంచి తగ్గించే పిడి, అంటే థ్రాటిల్, నెమ్మదిగా కదపాలి. తొందరపడి ముందుకు తోస్తే ఇంధనం ఎక్కువై టర్బైన్ మాడుతుంది, గబుక్కున వెనక్కి లాగితే మంట ఆరిపోతుంది. ఇంజిన్ మళ్ళీ పుంజుకోవడానికి చాలా సమయం పడుతుంది. కాబట్టి ఒకసారి దిగడానికి సిద్ధమయ్యాక మనసు మార్చుకునే వీలు దాదాపు లేదు. దూరం నుంచి తిన్నగా, మెల్లగా రావాలి. అమెరికన్లు ఇది త్వరగానే కనిపెట్టారు. పైన వెంటపడటం మానేసి విమానాశ్రయాల దగ్గర కాపు వేశారు. 1944 అక్టోబర్ 7న ఆఖ్మర్‌లో లేస్తున్న రెండు 262లను అర్బన్ డ్రూ అనే మస్టాంగ్ పైలట్ అక్కడికక్కడే కూల్చేశాడు. దిగే జెట్‌లను కాపాడటానికి జర్మన్లు పిస్టన్ ఫైటర్లను కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది.

లెక్‌ఫెల్డ్‌లో మొదటి ప్రయోగ దళాన్ని నడిపిన వెర్నర్ తీర్‌ఫెల్డర్ 1944 జూలైలోనే ప్రాణాలు కోల్పోయాడు. తర్వాత ఆఖ్మర్, హెసెపెల్లో దిగిన దళాన్ని 250కి పైగా శత్రు విమానాలను కూల్చిన వాల్టర్ నొవోట్నీకి అప్పగించారు. శత్రువు చేతిలో ఎన్ని పోయాయో, ఇంజిన్ ఆగిపోయి, టైర్లు పేలి, ముక్కు చక్రం విరిగి అన్ని పోయాయి. నవంబర్ 8న గాలండ్ కింద నిలబడి చూస్తుండగానే నొవోట్నీ విమానం మేఘాల్లోంచి నిట్టనిలువునా కింద పడింది. ఆ దళాన్ని వెనక్కి పిలిచి మళ్ళీ శిక్షణ మొదలుపెట్టారు. పిస్టన్ విమానాల్లో ఆరితేరినవాళ్ళకు సైతం రెండు ఇంజిన్ల జెట్ కొత్త చదువే.

పూర్తి స్థాయి ఫైటర్ దళంగా జేజీ-7 తన సత్తా చూపింది 1945 మార్చిలో. ఆ నెల 18న బెర్లిన్ మీదికి వెయ్యికి పైగా బాంబర్లు, వాటికి కాపుగా వందల ఫైటర్లు వస్తే, ఎదురెళ్ళిన 262లు 37. కొత్త రాకెట్లతో పదికి పైగా బాంబర్లను కూల్చాయి, పోగొట్టుకున్నవి మూడు. అద్భుతమే. కానీ వెయ్యిలో పది పోతే మర్నాడు బాంబర్లు రావడం ఆగుతుందా? వాయుసేన అధిపతి గోరింగ్‌తో గొడవపడి పదవి పోగొట్టుకున్న గాలండ్, అనుభవం ఉన్న పైలట్లను పోగేసి జేవీ-44 అనే చిన్న దళం పెట్టుకున్నాడు. ఏప్రిల్ 26న ఒక అమెరికన్ పీ-47 ఫైటర్ కాల్పుల్లో గాయపడి ఆ యుద్ధం నుంచి తప్పుకున్నాడు. మొత్తం 1,400కు పైగా 262లు తయారైతే, పోరాటంలోకి వెళ్ళింది వాటిలో చిన్న భాగమే. ఇంధనం గానీ, పైలట్లు గానీ, రైళ్ళు గానీ, అప్పటికి దేశంలో ఏదీ సవ్యంగా లేదు.

ఈ విమానం అందం గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు దాటవేసే సంగతి ఒకటుంది. బాంబు దాడులకు భయపడి తయారీని అడవుల్లోకి, కొండల కింది సొరంగాల్లోకి తరలించారు. ఆస్ట్రియాలో గూసెన్ నిర్బంధ శిబిరం పక్కన బెర్గ్‌క్రిస్టాల్ సొరంగాలను ఖైదీల చేత తవ్వించి, వాళ్ళ చేతే 262 ఫ్యూజలాజ్‌లు (విమానం నడుమ భాగాలు) చేయించారు. వేల మంది అక్కడ చనిపోయారు. నార్డ్‌హౌజెన్ దగ్గరి మిటెల్‌వెర్క్ సొరంగాల్లో యూమో ఇంజిన్లు తయారయ్యాయి, అక్కడి పనివాళ్ళూ బానిసలే. తిండి లేక నీరసించినవాడు వెల్డ్ చేసిన బ్లేడు ఎన్ని గంటలు నిలుస్తుందన్నది మెటలర్జీ ఒక్కటే చెప్పగల లెక్క కాదు. మామూలుగా 004బీ ఇంజిన్‌ను 10 నుంచి 25 గంటలకే దించేసేవాళ్ళు.

పోల్చడానికి బ్రిటన్ గ్లోస్టర్ మీటియర్‌ను తీసుకోండి. అది 1943 మార్చిలో ఎగిరి, 1944 జూలైలో 616 స్క్వాడ్రన్‌లో చేరింది. అంటే సేవలోకి రావడంలో ఈ రెంటికీ తేడా వారాలే. 262 కన్నా చాలా నెమ్మది, ఆకారమూ పాతకాలం. కానీ దాని వెల్లండ్ ఇంజిన్‌ను ఓవర్‌హాల్ (విప్పి బాగుచేయడం) లేకుండా 180 గంటలు నడపనిచ్చారు. విటిల్ ఎంచుకున్న సరళమైన కంప్రెసర్ ఒక కారణం, బ్రిటన్ చేతిలో నిమోనిక్ అనే నికెల్ మిశ్రమం ఉండటం, కావలసినంత నికెల్ కెనడా నుంచి రావడం ఇంకో కారణం. జర్మన్ల దగ్గర మెరుగైన విమానం ఉంది, వీళ్ళ దగ్గర మెరుగైన లోహం ఉంది.

యుద్ధం అయ్యాక దొరికినవి దొరికినట్టు అందరూ పట్టుకుపోయారు. అమెరికన్ కల్నల్ హెరాల్డ్ వాట్సన్ బృందం విమానాలను ఏరుకుని ఓడలో తమ దేశానికి చేర్చింది. రష్యన్లు యూమో 004ను ఆర్‌డీ-10 పేరుతో కాపీ చేసి యాక్-15కు బిగించారు. చెక్‌ల దగ్గర విడిభాగాలు మిగిలిపోతే ఎస్-92 పేరుతో కొన్నిటిని కూర్చి 1951 దాకా నడిపారు. ఫ్రాంజ్ అమెరికా వెళ్ళి లైకమింగ్ కంపెనీలో చేరి, హెలికాప్టర్ల కోసం టీ-53, టీ-55 టర్బైన్లు చేశాడు. మన వాయుసేన లడఖ్‌లో తిప్పే చినూక్ హెలికాప్టర్లలో ఉన్నది టీ-55 వంశమే.

ఇక రెండో ప్రశ్న. ఎగిరే 262లు ఉన్నాయి, కానీ పాతవి కావు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో అసలు విమానాన్ని కొలిచి కొత్తగా కొన్ని కట్టారు. వాటిలో మొదటిది 2002 డిసెంబర్‌లో ఎగిరింది. ఒకటి జర్మనీలో మెసర్‌ష్మిట్ ఫౌండేషన్ దగ్గర ఉంది. బయట కనిపించే ఇంజిన్ తొడుగులు యూమోవి లాగే ఉంటాయి, లోపల ఉన్నవి మాత్రం జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ చిన్న ఇంజిన్లు. అసలువి చూడాలంటే మ్యూజియాలే గతి. మీవాళ్ళు ఎవరైనా ఒహాయోలో ఉంటే డేటన్‌లోని వాయుసేన మ్యూజియానికి వెళ్ళమనండి, ప్రవేశం ఉచితం. 262 పక్కన ఎక్కువసేపు నిలబడకుండా, అక్కడే పెట్టిన యూమో 004 దగ్గరికి వెళ్ళి ముందు వైపు గాలి లోపలికి పోయే చోట చూడమనండి. మధ్యలో ఉల్లిపాయ ఆకారంలో ఉన్న మూతలో ఒక చిన్న టూ-స్ట్రోక్ మోటారు ఉంటుంది, దాన్నుంచి ఒక తాడు పిడి. గాల్లో మస్టాంగ్‌కు అందని ఈ జెట్‌ను నేల మీద స్టార్ట్ చేసేది ఆ చిన్న మోటారే. అది మొరాయిస్తే మెకానిక్ ఆ తాడు పట్టుకుని లాగాల్సిందే.